నడుం బిగించిన కాలం

మా పక్కింటి పెద్దావిడ కిందటేడు చలికాలంలో పోయింది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి. పిల్లలు ఎక్కడెక్కడో ఉంటారు, ఆ ఇల్లూ సామానూ పట్టుకుని కూర్చునే తీరిక వాళ్ళకి లేదు. ఉన్నదంతా అమ్మకానికి పెట్టేశారు. ఇక్కడ అమెరికాలో దీన్ని ఎస్టేట్ సేల్ అంటారు. తలుపులు బార్లా తెరిచి ఉంచుతారు, ఎవరైనా వచ్చి సొరుగులు లాగి చూసుకోవచ్చు. ఆవిడ గిన్నెల్ని ఎవరెవరో తిరగేసి చూస్తుంటే నాకు వంటింట్లో నిలబడబుద్ధి కాలేదు. పడగ్గదిలోకి వెళ్ళాను. అడుగు సొరుగులో, దుప్పట్ల కింద, సన్నటి అట్ట గొట్టం ఒకటి కనిపించింది. రెండు డాలర్లని చీటీ అంటించి ఉంది.

అందులో ఏముందో మూత తియ్యకుండానే నాకు తెలుసు. ఆవిడే చెప్పింది, ఓ వానాకాలం సాయంత్రం మా ఇంట్లో అల్లం టీ తాగుతూ. బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో మొదటి జీతంతో కొనుక్కున్న రబ్బరు గర్డిల్ అట, అంటే నడుమునీ పొట్టనీ బిగించే లోదుస్తు. వేసుకునే ముందు ఒంటికి దండిగా పౌడరు రాసుకోవాలి, లేకపోతే చర్మానికి అతుక్కుపోతుంది. గోళ్ళు తగలకుండా వేళ్ళ మెత్తటి భాగంతో కొంచెం కొంచెం పైకి లాక్కోవాలి, గోరు తగిలిందా చిరిగిపోతుంది. వేసవిలో చెమట పట్టి లోపల చిత్తడి. అంత కష్టపెట్టిన దాన్ని ఇన్నేళ్ళు ఎందుకు దాచుకున్నారని అడిగాను. కాసేపు కప్పు చేత్తో తిప్పుతూ ఊరుకుంది. "సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని విప్పే ఘడియ ఉంటుందే, అది గుర్తుండిపోయింది" అంది.

ఈ మధ్య పాత గర్డిళ్ళ మీద మళ్ళీ మోజు పెరిగింది. 1950ల నాటి ప్రకటనల బొమ్మలు చూసి, ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఎంత తీరుగా ఉండేవాళ్ళో అని నిట్టూర్చేవాళ్ళు కొందరు. పాపం ఎలా భరించారో అని జాలిపడేవాళ్ళు కొందరు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఇద్దరూ చూసేది ఆ నడుం కొలతనే. దాన్ని కొలిచిన చేతులు, దాని రబ్బరు కోసం చెట్టు గీసిన చేతులు, అది తొడుక్కుని రోజంతా కౌంటర్లో నిలబడిన మనిషి ఎవరి లెక్కలోకీ రావడం లేదు. ఆ కాలాన్ని తలుచుకోవద్దని నేననను. ఆ మనుషుల్ని వదిలేసి ఆ నడుం ఒక్కదాన్నే తలుచుకోవడం అన్యాయం అంటాను.

గర్డిల్ అనగానే మనకు వడ్డాణం, మొలనూలు లాంటి మాటలు తడతాయి. కావ్యాల్లో అయితే మేఖల, కాంచి, రశన. అవన్నీ పైకి కనపడడానికి పెట్టుకునేవి. గర్డిల్ ఎవరికీ కనపడకూడనిది. నడుం దగ్గర మొదలై తొడల పైదాకా వచ్చే బిగువైన లోదుస్తు. పొట్టనీ పిరుదుల్నీ అదిమి పెడుతుంది. కింది అంచుకు నాలుగో ఆరో క్లిప్పులు వేలాడుతుంటాయి. ఆ క్లిప్పుల గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే అందం సంగతి మాట్లాడేవాళ్ళు వాటిని మర్చిపోతారు.

నేనుండేది డెలావేర్లో. చిన్న రాష్ట్రం, ఈ చివర్నుంచి ఆ చివరికి రెండు గంటల్లో వెళ్ళిపోవచ్చు. నైలాన్ మేజోళ్ళు జనానికి మొట్టమొదట అమ్మింది ఇక్కడి విల్మింగ్టన్‌లోనే, 1939 అక్టోబర్ 24న. నైలాన్ కనిపెట్టిన డ్యూపాంట్ కంపెనీ ఊరు అది. మరుసటేడు మే 15న దేశమంతా అమ్మకానికి వచ్చాయి. ఉద్యోగానికి వెళ్ళినా చర్చికి వెళ్ళినా ఉత్తి కాళ్ళతో వెళ్ళడం మర్యాద కాదనుకునే రోజులు. ఆ మేజోళ్ళేమో తొడ దాకా వచ్చి ఆగిపోతాయి. పైనుంచి పట్టి ఉంచేది ఏదో ఒకటి లేకపోతే నాలుగడుగులు వేసేసరికి మడమల మీదికి జారిపోతాయి. ఆ పట్టి ఉంచే పని గర్డిల్‌ది. చీర కుచ్చిళ్ళకు లంగా బొందు ఎలాగో మేజోళ్ళకు గర్డిల్ అలాగ. బొందు లేని లంగాతో చీర కట్టుకుని బస్సెక్కమంటే మనం ఎక్కుతామా? రోజూ నడుము బిగించుకునే ఆడవాళ్ళను చూసి అమాయకులనుకోవడం ఎంత తప్పో ఈ ఒక్క పోలికతో నాకు అర్థమైంది.

ఇక కొలతలు. పెద్దావిడ ఎక్కువగా మాట్లాడింది దీని గురించే.

ఆవిడకి పద్నాలుగో ఏట వాళ్ళమ్మ డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి తీసుకెళ్ళిందట, మొదటి గర్డిల్ కొనడానికి. పై అంతస్తులో తెరలు కట్టిన చిన్న గది. మగవాళ్ళు ఆ చాయలకే రారు. నల్ల గౌను వేసుకుని, మెడలో టేపు వేలాడేసుకున్న ఒక ముసలావిడ లోపలికొచ్చి ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుందట, చలికి చేతులు చల్లగా ఉంటే పిల్ల ఉలిక్కిపడుతుందని. నడుము కొలిచింది, పిరుదులు కొలిచింది, నిలబెట్టి ఓసారి, కూర్చోబెట్టి ఓసారి. కూర్చుంటే కొలత పెరుగుతుంది కదా. అప్పుడు టేపు వదిలేసి వెనక్కి వెళ్ళి నిలబడి, "ఈ పిల్లకి ఒక పక్క తుంటి ఎత్తుగా ఉంది, డాక్టరుకు చూపించండి" అని వాళ్ళమ్మతో చెప్పిందట. చూపిస్తే వెన్నెముక వంపు అని తేలింది. స్కూల్లో ఎవరూ పట్టుకోలేదు, ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు. టేపు పట్టుకున్నావిడ పట్టుకుంది.

"నా ఒంట్లో ఇది బాగాలేదు, అది ఎక్కువైంది అని ఆవిడ ఒక్క మాట అనలేదు. నీ ఒళ్ళు ఇలా ఉంది, దీనికి ఏది సరిపోతుందో వెతుకుదాం అంది. ఆ తర్వాత నాతో అలా మాట్లాడినవాళ్ళు తక్కువ" అని చెప్పి పెద్దావిడ టీ కప్పు కింద పెట్టింది.

ఈ కొలిచే పని వేల మంది ఆడవాళ్ళకి అన్నం పెట్టింది. 1904లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో మొదలైన స్పైరెల్లా కంపెనీ తన కార్సెట్లను (నడుముని లేసులతో బిగించే లోదుస్తుల్ని) దుకాణాల్లో అమ్మేది కాదు. శిక్షణ ఇచ్చిన ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి కొలతలు తీసుకునేవాళ్ళు, ఆ కొలతలకు ఫ్యాక్టరీలో కుట్టి పంపేవాళ్ళు. ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ ఊళ్ళో వాళ్ళు కట్టిన ఫ్యాక్టరీ భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. పెళ్ళయిన ఆడది బయటికెళ్ళి సంపాదిస్తే చిన్నచూపు చూసే కాలంలో, సంచీలో టేపు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సొంత డబ్బు కళ్ళజూసినవాళ్ళు వాళ్ళు. పురుడు తర్వాత జారిన పొట్ట, ఆపరేషన్ కుట్లు, మొగుడికి కూడా చూపించని మచ్చలు వీళ్ళకి చూపించుకునేవాళ్ళు. మంత్రసాని దగ్గర మనవాళ్ళకి ఉండే చనువు లాంటిది అది. ఆ చనువు మీద బెంగ పెట్టుకుంటే నాకు అర్థమవుతుంది.

రబ్బరు సంగతి నాకు ఇంకా దగ్గరిది.

మొదట్లో గర్డిళ్ళకు గట్టి గుడ్డ, లేసులు, ఉక్కు పలకలు ఉండేవి. 1931లో లాస్టెక్స్ అనే సాగే దారం వచ్చింది, లోపల రబ్బరు తీగ, పైన నూలో పట్టో చుట్టి ఉంటుంది. 1940లో ఇక్కడి డోవర్ ఊరికి చెందిన ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ ప్లేటెక్స్ పేరుతో అచ్చంగా రబ్బరు పాలతోనే పోతపోసిన గర్డిల్ తెచ్చింది. కుట్టు లేదు, గాలాడడానికి సన్నటి బెజ్జాలు. అట్ట గొట్టంలో చుట్టి పెట్టి అమ్మేవాళ్ళు. నేను కొన్నది ఆ రకమే.

ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ రబ్బరు మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) నుంచి వచ్చేది. దాన్ని అందరికన్నా ఎక్కువ కొనేది అమెరికా. మలయా తోటల్లో చెట్లు గీసినవాళ్ళలో చాలామంది మన దక్షిణాది కూలీలు. తమిళులు ఎక్కువ, వాళ్ళ పక్కనే తెలుగువాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక ఇంటిని అందరూ "మలయా వాళ్ళిల్లు" అనేవారు. ఆ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు, ఇల్లు మాత్రం ఆ పేరుతోనే మిగిలింది. రబ్బరు చెట్టును తెల్లవారకముందే గీయాలి, ఎండెక్కితే పాలు ఆగిపోతాయి. బెరడు మీద ఏటవాలుగా, చెట్టుకు దెబ్బ తగలనంత లోతుగా మాత్రమే కత్తి దిగాలి. కింద కట్టిన చిప్పలోకి పాలు బొట్టుబొట్టుగా దిగుతాయి. ఒక్కొక్కరి వంతుకు కొన్ని వందల చెట్లు. చంటిపిల్లల్ని ఎవరో ఒకరికి అప్పగించి ఆడవాళ్ళు కూడా చీకట్లోనే తోటకు వెళ్ళేవాళ్ళు. కొంగు నడుముకు బిగించి.

ఆ గొట్టంలో రబ్బరు ఎవరు గీసిన చెట్టుదో చెప్పలేం. కానీ అమెరికా ఆడవాళ్ళ నడుముకు చుట్టుకున్న సాగుడు ఎవరో ఒకళ్ళ తెల్లవారుజాము. అది మనవాళ్ళది కూడా.

1942 జనవరి ఆఖరికల్లా మలయా అంతా జపాన్ చేతిలోకి పోయింది, ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. అమెరికాలో రబ్బరుకు కటకట. గర్డిళ్ళు సాగడం మానేశాయని, పాతవాటినే అతుకులేసి వాడుకున్నామని ఆ తరం వాళ్ళు చెప్పుకునేవారు. యుద్ధకాలపు కష్టాల్లో అదొక ముచ్చటగా పుస్తకాల్లోకి ఎక్కింది. అదే సమయంలో మలయా తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను వేలకు వేలు జపాన్ వాళ్ళు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)–బర్మా రైల్వే పనికి తరలించుకుపోయారు. అడవిలో కలరాతో, ఆకలితో ఎంతోమంది పోయారు. గర్డిల్ కథలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఆ కథ సగమే.

ఇంకో ముక్క అందరూ చెప్పుకోవాల్సింది. 1965లో చంద్రుడి మీదికి వెళ్ళే మనుషులకు సూట్లు కుట్టే పని డోవర్‌లోని ఆ ప్లేటెక్స్ కంపెనీకే దక్కింది. పోటీకి వచ్చిన మిగతా కంపెనీలను కాదని, రబ్బరూ గుడ్డా మనిషి ఒంటి మీద ఎలా వంగుతాయో తెలిసినవాళ్ళకి ఇచ్చారు. బ్రాలు, గర్డిళ్ళు, పసిపిల్లల రబ్బరు లాగులు కుట్టిన ఆడవాళ్ళే మిషన్ల ముందు కూర్చున్నారు. ఒక్కో సూటుకి ఇరవై ఒక్క పొరలు. కుట్టు అంగుళంలో ముప్పై రెండో వంతు పక్కకు పోయినా పనికిరాదు. గుండుసూది ఒక్కటి పొరల మధ్య ఉండిపోయినా ప్రాణం పోతుంది కాబట్టి సూదుల్ని లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకునేవాళ్ళు. మోకాలి దగ్గర, మోచేతి దగ్గర వంగే మడతల్ని అచ్చులు రబ్బరు పాలలో ముంచి చేశారు, గర్డిల్ చేసినట్టే. 1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద వేసిన అడుగు ఆ కుట్లలో పడింది. నేను డోవర్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా ఈ సంగతి తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. అలాంటి చేతిపనిని "ఆడవాళ్ళ లోదుస్తుల వ్యవహారం" అని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది.

ఇంత చెప్పాక, గర్డిల్ మంచిదే అంటున్నానని ఎవరైనా అనుకుంటారేమో. అనడం లేదు.

బ్యాంకులో చేరిన వారానికి పెద్దావిడని సూపర్‌వైజర్ పక్కకు పిలిచి, రేపటి నుంచి గర్డిల్ లేకుండా రావద్దందట. ఆ రోజు ఆవిడకి కడుపునొప్పి, అందుకే వేసుకోలేదు. తెల్లారి వేసుకుని వెళ్ళింది, మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోయింది. ఇది ఆవిడ ఒక్కదాని కథ కాదు. విమానాల్లో పనిచేసే అమ్మాయిలకు 1950లు, 60లలో గర్డిల్ ఉద్యోగ నియమం. వేసుకున్నారో లేదో పైవాళ్ళు పిరుదు మీద వేలితో కొట్టి చూసేవాళ్ళు, ఒళ్ళు కదిలితే లేనట్టు. అంతకుముందు 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తెచ్చిన ఫ్యాషన్ సన్నటి నడుముని మళ్ళీ గిరాకీలోకి తెచ్చింది. యుద్ధంలో ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు మళ్ళీ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. దాని మీద నాకు ఏ బెంగా లేదు. 1968 సెప్టెంబర్ 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట చెత్తడబ్బా పెట్టి అందులో గర్డిళ్ళు, బ్రాలు, ఎత్తు మడమల చెప్పులు, నేల తుడిచే కర్రలు పడేసిన ఆడవాళ్ళు సరైన పని చేశారు. తగలబెట్టారని ఇప్పటికీ అంటారు, ఆ పని చేసినవాళ్ళు మాత్రం అక్కడ ఏమీ తగలబెట్టలేదనే చెప్పారు. పెద్దావిడ టీవీలో ఆ వార్త చూసి ఏడ్చిందట. ఎందుకని అడిగాను. "నేనూ వెళ్ళి పడెయ్యాల్సింది, ఉద్యోగం పోతుందని భయం" అంది. ఆ మనిషే ఆ గొట్టాన్ని అరవై ఏళ్ళకు పైగా దాచుకుంది. రెండూ నిజమే. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండకూడదని ఎవరన్నారు?

గర్డిల్‌ని నిజంగా ఇంటి నుంచి పంపించింది మాత్రం బట్టల మిల్లులు. 1959లో నార్త్ కరోలినాలోని గ్లెన్ రావెన్ మిల్స్ నడుం దాకా వచ్చే మేజోళ్ళు తెచ్చింది. తర్వాత గౌన్లు పొట్టివైన కొద్దీ వాటికి గిరాకీ పెరిగింది. వేలాడే క్లిప్పులతో పని లేకుండా పోయింది. అంతకు ముందేడు, 1958లో, డ్యూపాంట్‌లో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త లైక్రా దారం కనిపెట్టాడు. అది గర్డిళ్ళలో రబ్బరుకు బదులు వాడడానికి వెతికిన దారం. ఇవాళ మన లెగ్గింగ్స్‌లో, జీన్స్‌లో, రెడీమేడ్ జాకెట్లలో సాగేది అదే.

అలా సాగి సాగి అది చీర కిందికి కూడా వచ్చింది.

మా అక్క కూతురి పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాను. పిల్ల పట్టుచీర కింద లంగా బదులు షేప్‌వేర్ వేసుకుంది. నడుం నుంచి కాళ్ళ కింది దాకా ఒంటికి అతుక్కుని ఉండే సాగే గుడ్డ. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది, సన్నగా కనపడాలని ఒక సైజు తక్కువే. ఎవరూ కొలవలేదు, కూర్చోబెట్టి అసలే కొలవలేదు. పీటల మీద మఠం వేసుకుని కూర్చునేసరికి దాని ముఖం పాలిపోయింది. జీలకర్ర బెల్లం అయ్యాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పిన్నీ, ఊపిరాడట్లేదు" అంది. బట్టలు మార్చుకునే వంకతో గదిలోకి తీసుకెళ్ళాం. చీర ఊడదీసి, షేప్‌వేర్ కిందికి లాగుతుంటే ఒంటి మీద ఎర్రటి గీతలు, పక్కటెముకల కింద అంచు దిగిన గాటు. మా అక్క తన నూలు లంగా ఇచ్చింది. పిల్ల మంచం మీద వెనక్కి వాలిపోయి "హమ్మయ్య" అంటూ రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంది. బయట మేళం వాయిస్తూనే ఉన్నారు. నాకు పెద్దావిడ చెప్పిన ఘడియ గుర్తొచ్చింది.

నూలు లంగా కూడా ఏమీ పుణ్యాత్మురాలు కాదు. బొందు గట్టిగా బిగించి కట్టీ కట్టీ నడుం చుట్టూ నల్లటి చార పడని ఆడది మా అమ్మ తరంలో లేదు. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్ర, బిహార్‌లకు చెందిన డాక్టర్లు, పెద్దవయసు స్త్రీలు ఇద్దరి గురించి రాశారు, బొందు ఒరిపిడికి పడ్డ పుండు ఏళ్ళ తరబడి మానక క్యాన్సర్ అయిందని. బొందు వదులుగా కట్టుకోండి, వెడల్పు పట్టీ పెట్టించుకోండి అని నేను కనపడిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

నాకు కాన్పు అయినప్పుడు అమ్మమ్మ పాత నూలు చీరను నిలువుగా మడిచి నా పొట్టకు నడికట్టు కట్టేది. కట్టే ముందు ప్రతిసారీ అడిగేది, "బిగువైందా తల్లీ? వదులు చెయ్యనా?" అని. నేను చాలు అనే దాకా ఆగేది. నడుం బిగించే చేతికి ఆ ఒక్క ప్రశ్న ఉండాలని నా వాదన. మెడలో టేపు వేసుకున్న ఆ ముసలావిడకి ఆ ప్రశ్న ఉంది. బ్యాంకు సూపర్‌వైజర్‌కి లేదు. ఆన్‌లైన్ సైజుల పట్టికకూ లేదు.

ఇంటికి తెచ్చాక గొట్టం మూత తీశాను. పౌడరు వాసన ఇంకా సన్నగా ఉంది. గులాబీ రంగు ఉండేదట, ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది. విప్పబోతే మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కొంచెం గట్టిగా లాగితే అంచు పెళుసుగా విరిగి వేళ్ళకు అంటింది. ఆర్మ్‌స్ట్రాంగ్ సూట్‌లోని రబ్బరుదీ ఇదే అవస్థ, అందుకే స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళు దాన్ని చల్లటి పొడిగాలి అద్దాల పెట్టెలో కాపాడుతున్నారు. నా దగ్గర అలాంటి పెట్టె లేదు. మళ్ళీ చుట్టకుండా అలాగే టిష్యూ కాగితంలో పెట్టాను.

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. "ఏంటే అది, పాము కుబుసంలా ఉంది?" అంది. చెప్పాను. పెద్దావిడ గురించి, బ్యాంకు గురించి, సాయంత్రం దాన్ని విప్పే ఘడియ గురించి. అమ్మ ఫోను కొంచెం దూరంగా జరిపి, చీర కుచ్చిళ్ళ పక్కన ఒకచోట చేత్తో తడుముకుంది.

"నాకూ అంతేనే. స్కూలు నుంచి రాగానే ముందు బొందు వదులు చేసుకునేదాన్ని. మీకు టిఫిను ఆ తర్వాతే."